మందగించిన యంత్రము

ముసలిదైన ఎద్దు దున్నలేకపోయినచో రైతు దానిని నిందింపడు. అది మోసిన బరువు లతనికి జ్ఞాపకముండును. ఇంటిలోని కంప్యూటరు విషయమున ఇట్టి దయ అరుదుగా గానవచ్చును. మీట నొక్కిన కొంతసేపటికిని తెర వెలుగకున్నచో ఇంటిల్లిపాదియు విసుగుకొందురు. “పాతబడినది, క్రొత్తది కొనవలె” నను మాట సులభముగా నోటికి వచ్చును. నిజమునకు ఎద్దునకువలె ప్రాసెసరునకు వార్ధక్యము లేదు. పదేండ్ల క్రిందట సెకనుకు ఎన్ని లెక్కలు చేసెనో, లోపల వేడి పెరుగకున్నచో నేడును అన్నియే చేయగలదు. మందగించుటకు కారణము వేరొకచోట నుండును.

కంప్యూటరులో సమాచారము నిలుచుటకు ముఖ్యముగా రెండు తావులు కలవు. ఒకటి ర్యామ్ అనబడు తాత్కాలిక స్మృతి, రెండవది డిస్కు. మొదటిది వంటయింటి గట్టు వంటిది. రెండవది ఇంటివెనుక కొట్టు వంటిది. గట్టుపై నున్న వస్తువు చేయి చాచినంతనే అందును; కొట్టులోనిది లేచి పోయి తేవలెను. గట్టు చిన్నదై వండవలసినవి పెక్కైనచో, ఇల్లాలు ఒకదానిని కొట్టులో పెట్టి వేరొకదానిని తెచ్చుకొనుచు, వండుటకంటె తిరుగుటయందే ప్రొద్దు పుచ్చును. యంత్రమునకు గలుగు ఈ దురవస్థను పీటర్ డెన్నింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1968లోనే విశదముగా వివరించెను.

కొట్టు ఎంత దూరమో తెలిసినగాని ఈ బాధ బోధపడదు. 1956లో ఐ.బి.యం. సంస్థ వెలువరించిన తొలి డిస్కు యంత్రములో రెండడుగుల వెడల్పు గల పళ్లెములు 50 ఉండెను. అన్నియు కలిసి దాచినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడొక పాట ధ్వనిముద్రణమునకు ఇంచుమించు అంత చోటు పట్టును. పళ్లెములు చిన్నవైనవి గాని, తిరుగుట మానలేదు. నిమిషమునకు 7200 మారులు తిరుగు డిస్కు ఒక చుట్టు చుట్టుటకు 8 మిల్లీసెకన్లకు పైగా పట్టును. దానిపైని ముల్లు తగిన వరుసకు జరుగుటకు మరికొంత కాలము కావలెను. ఇందుచేత చెల్లాచెదురుగా నున్న చిన్న తునకలను ఆ డిస్కు సెకనుకు సుమారు నూరింటిని మాత్రమే అందింపగలదు. అవతల ప్రాసెసరు సెకనుకు 300 కోట్ల స్పందనలతో పని చేయుటకు సిద్ధముగా నుండును. అనగా పని చేయవలసినవాడు చేతులు కట్టుకొని కూర్చుండగా, సామగ్రి తెచ్చువాడు దారిలో నున్నాడన్నమాట.

కృష్ణాతీరమున ఒక గ్రామములో ఉద్యోగవిరమణ చేసిన తెలుగు మాస్టారొకరు కలరు. వారు 2014లో ఒక కంప్యూటరు కొనిరి. వరినాట్లవేళ స్త్రీలు పాడుకొను పాటలను చుట్టుప్రక్కల యూళ్లలో సేకరించి, పాడినవారి కంఠముతోనే అందులో భద్రపరచుట వారి వ్యాసంగము. పదేండ్లలో మున్నూటికి పైగా పాటలు చేరెను. పాడిన వృద్ధురాండ్రలో పెక్కుమంది గతించిరి. ఆ కంఠములకు ఆ యంత్రమొక్కటే నెలవు. మరియొక ప్రతి ఎచ్చటను లేదు.

2024 నాటికి ఆ యంత్రము తెరచుకొనుటకు ఏడెనిమిది నిమిషములు పట్టజొచ్చెను. మీట నొక్కి మాస్టారు స్నానమునకు పోయి వచ్చెడివారు. ఇరుగుపొరుగు వారు తోచిన సలహాలు చెప్పిరి. ఒకరు వేగమును పెంచు నని ప్రకటించుకొను సాఫ్టువేరు నొకదానిని చేర్పించిరి. బరువు మోయలేని బండిపై మరియొక మూట వేసినట్లయ్యెను. అంగడివాడు వచ్చి చూచి, “మాస్టారూ, ఫార్మాటు చేసిన సరిపోవును. గంటలో పని” యనెను. ఫార్మాటనగా డిస్కులో నున్నదెల్ల తుడిచి క్రొత్తగా నారంభించుట. ఆ మాట కర్థము మాస్టారికి తెలియదు. దసరా సెలవులకు మనుమరాలు రానున్నదని, అప్పుడు చూతమని చెప్పి పంపివేసిరి.

ఆ బాలిక పాలిటెక్నిక్‌లో చదువుచుండెను. “తాతయ్యా, ముందు జబ్బేమిటో చూతము. మందు సంగతి తరువాత” అని, కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు మూడింటిని ఒక్కసారిగా నొక్కెను. ఏ ప్రోగ్రాము ఎంత చోటు, ఎంత కాలము హరించుచున్నదో తెలుపు పట్టిక తెరపైకి వచ్చెను. ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడందురు గాని, ఈ దొంగలను పట్టుటకు ఆ పట్టిక చాలును. ఏనాడో పారవేసిన ప్రింటరునకు సేవకుడొకడు అందులో ఇంకను కాచుకొని యున్నాడు. వైరసుల కాపలాదార్లు ఇద్దరుండి, ఒకరు తెరచిన ప్రతి ఫైలును రెండవవారు తనిఖీ చేయుచున్నారు. వేగము పెంచెద నన్న సాఫ్టువేరు పట్టికకు అగ్రమున నుండెను. ఆమె అనవసరమైన వానిని తొలగించి యంత్రమును రీస్టార్టు చేసెను. 2012లో విండోస్ 8 వచ్చినది మొదలు, మామూలుగా ఆర్పినప్పుడు వ్యవస్థ తన స్థితిలో కొంతభాగమును డిస్కులో దాచుకొని మరల దానినే తెచ్చుకొనును. రీస్టార్టు చేసినప్పుడే సమస్తమును క్రొత్తగా నారంభించును. ప్రతిరాత్రియు ఆర్పుచున్నాము గదా యనుకొనువారికి ఈ సంగతి వింతగా దోచును.

కొంత మేలు కలిగెను. కాని పాట తెరచునప్పటి జాప్యము పోలేదు. ఎవరును ఏమియు చేయకున్నను డిస్కు నూటికి నూరుపాళ్లు పనిలో నున్నట్లు పట్టిక చూపుచుండెను. చెవి యొగ్గి వినిన, సన్నగా టిక్కు టిక్కుమను చప్పుడు. డిస్కు తన ఆరోగ్యమును తానే లెక్క వ్రాసికొనును. మనుమరాలు ఆ లెక్క తీసి చూడగా, చెడిపోయిన గళ్ల సంఖ్య హెచ్చుగా నుండెను. గడి యొకటి చదువుటకు లొంగనప్పుడు డిస్కు వెంటనే ఓటమి నొప్పుకొనదు; మరల మరల ప్రయత్నించును. అంతవరకు యంత్రమంతయు స్తంభించును. బయటివారికది మాంద్యముగా గనబడును గాని, అది డిస్కు అంత్యావస్థ.

“తాతయ్యా, వేగము మాట ఇప్పుడు వలదు. పాటలు వేరొకచోటికి చేరువరకు దీనిని మరి దేనికిని వాడరాదు” అనెను ఆమె.

పొరుగువారి నడిగి వేరొక డిస్కును తెచ్చి తగిలించిరి. ఆ రాత్రియెల్ల ప్రతులు దిగుచుండెను. మాస్టారు నిదురింపక ఫైళ్ల పేర్లు తెరపై ఒకటొకటిగా మారుచుండగా చూచుచు కూర్చుండిరి. ప్రతి పేరును ఒక యూరు, ఒక మనిషి. తెల్లవారునప్పటికి రెండు తప్ప తక్కినవన్నియు చేరెను. ఆ రెండింటికొరకు మరి నాలుగుసార్లు ప్రయత్నించిరి. రాలేదు.

తరువాతి పని తేలికయే. పాత డిస్కు స్థానమున తిరుగు పళ్లెములు లేని ఎస్.ఎస్.డి.ని అమర్చిరి. అందు ముల్లు లేదు, జరుగవలసినదేమియు లేదు. విద్యుత్సంజ్ఞల చేతనే సమాచారము వచ్చును గనుక, చెదరిన తునకలైనను సెకనుకు వేలకొలది అందును. 4 గిగాబైట్ల ర్యామ్‌ను 8కి పెంచిరి. ఫ్యాను రెక్కల నడుమ పేరుకొన్న దుమ్మును తీసిరి. వేడి మితిమీరినచో ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై కావలసియే నెమ్మదించును. ఏడెనిమిది నిమిషములు పట్టినది అర నిమిషములోపునకు దిగెను. దీనికైన వ్యయము క్రొత్త యంత్రపు వెలలో చిన్న భాగము.

ఇచట తప్పంతయు యంత్రముది కాదని చెప్పవలెను. 1995లో వచ్చిన విండోస్ 95కు 4 మెగాబైట్ల స్మృతి కనీసావసరము. 2021లో వచ్చిన విండోస్ 11కు 4 గిగాబైట్లు. వెయ్యి రెట్లకు పైమాట. పాస్కల్ భాషను సృష్టించిన స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు నిక్లౌస్ విర్త్, యంత్రముల వేగము పెరుగుటకంటె సాఫ్టువేరు మందగించుట త్వరగా జరుగుచున్నదని 1995లోనే వాపోయెను. మాస్టారి యంత్రము విండోస్ 11 నియమములకు సరిపడదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియుటచే, మనుమరాలు అందులో లినక్సును నెలకొల్పెను. లినస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి 1991లో ఆరంభించిన ఈ వ్యవస్థలో, పాత యంత్రములకు తగిన తేలికపాటి రూపములు పెక్కు కలవు. మీటలు మారినవని మాస్టారు వారము దినములు సణుగుకొనిరి, పిదప అలవాటుపడిరి.

ఇప్పుడు పాటలకు మూడు ప్రతులున్నవి. వానిలో నొకటి మనుమరాలి యొద్ద నుండును. పోయిన రెండు పాటలలో ఒకదానిని పాడిన ఆమె చెల్లెలు నదికి ఆవలి యూరిలో నున్నదని తెలిసి, మాస్టారు పోయి మరల పాడించుకొని వచ్చిరి. చరణమొకటి ఆమెకు జ్ఞాపకము రాలేదు. రెండవ పాట యెరిగినవారు ఇంతవరకు దొరకలేదు.