తప్పు రోడ్డుది కాదు, తుప్పుది

పోస్టు కొంచెం పెద్దదే. ఊళ్ళో బండి ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మాది పాడేరు ఏజెన్సీలో కొండమీద ఊరు. తారు ఆగిపోయిన చోటి నుంచి మట్టి దారి, మధ్యలో ఒక గెడ్డ. మా మూడు కుటుంబాలూ కాఫీ అమ్మిన డబ్బులు కలిపి కొన్న పాత హండ్రెడ్ సీసీ బండి ఒకటుంది. సంతకి మిరియాలు, పసుపు మోసేది అదే. ఒంట్లో బాగోనివాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళేది కూడా అదే.

కిందటేడు ఎండాకాలం నుంచి మలుపుల్లో బండి వెనక ఊగడం మొదలైంది. గోతిలో పడితే కింద 'టక్' మని చప్పుడు. టౌన్‌లో ఒక మెకానిక్‌కి చూపిస్తే షాక్‌లు పోయాయన్నాడు. రెండూ మార్పించాం. పిప్పళ్ళు అమ్మిన డబ్బులు మొత్తం అక్కడే అయిపోయాయి. ఊగడం మాత్రం పోలేదు. మళ్ళీ వెళ్తే, "బండిది కాదు, మీ కొండ రోడ్లే అంత" అని నవ్వాడు. మేమూ నవ్వేసి వచ్చేశాం.

వానల్లో ఒక రాత్రి పెద్దమ్మకి జ్వరం ఎక్కువైంది. మధ్యలో కూర్చోబెట్టుకుని బయల్దేరాం. దిగుడు మలుపులో వెనక చక్రం ఒక్కసారి పక్కకి లాగేసింది. మాకు గీతలతో పోయింది, పెద్దమ్మకి మణికట్టు ఎముక విరిగింది. చోడి నాట్ల రోజులు. పొలంలో అందరికంటే ముందుండే మనిషి కట్టు కట్టుకుని గట్టుమీద కూర్చుంది. ఊళ్ళో ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

దసరా సెలవులకి ఐటీఐ చదివే మా తమ్ముడు వచ్చాడు. బండికి సెంటర్ స్టాండ్ వేసి, చక్రాన్ని కాకుండా చిమ్టా కొసని పట్టుకుని అటూ ఇటూ లాగాడు. టక్ టక్. "చిమ్టా కదలకుండా చక్రం ఒక్కటే ఊగితే బేరింగ్ అన్నా. ఇక్కడ చిమ్టాయే ఊగుతోంది. బుష్‌లు పోయాయి" అన్నాడు. చూడ్డానికి అర నిమిషం పట్టలేదు.

పనసచెట్టు కింద పని మొదలెట్టాం. బ్రేక్ రాడ్, టార్క్ రాడ్, చైను, చక్రం, షాక్‌ల కింది బోల్టులు గంటలో వచ్చేశాయి. చిమ్టాని ఫ్రేముకి పట్టి ఉంచే పొడుగు బోల్టు దగ్గర ఆగిపోయాం. నట్ వచ్చింది, బోల్టు రాలేదు. మా బండి బుష్‌లో లోపల ఇనప గొట్టం, బయట ఇంకో గొట్టం, మధ్యలో రబ్బరు ఉంటాయి. గెడ్డ దాటిన ప్రతిసారీ ఆ సందులో నీరు, బురద చేరి లోపలి గొట్టం, బోల్టు తుప్పుతో ఒకటైపోయాయి. రబ్బరు చిరిగిపోయింది. కొన్నప్పటి నుంచి ఆ బోల్టుని ఎవరూ విప్పలేదు, గ్రీజు పెట్టలేదు.

రెండు వైపులా కిరసనాయిలు, పాత ఇంజనాయిల్ కలిపి పోసి రాత్రంతా వదిలేశాం. మంట పెట్టి కాలుద్దామని ఒక బావ అన్నాడు. పైనే పెట్రోల్ ట్యాంకు, వద్దన్నాం. పొద్దున్న మర చెడకుండా నట్‌ని కొసదాకా ఎక్కించి, చెక్క అడ్డం పెట్టి కొట్టాం. కదల్లేదు. స్పానర్‌తో తలని కొంచెం అటు, కొంచెం ఇటు తిప్పుతూ, మళ్ళీ నూనె పోస్తూ కూర్చున్నాం. సాయంత్రానికి కిర్రుమని కదిలింది. బయటికి లాగితే మధ్యలో పొరలు పొరలుగా తుప్పు రాలింది.

పాత బుష్ బయటి గొట్టాన్ని హాక్సా బ్లేడుతో, చిమ్టాకి తగలకుండా కోసి తీశాం. కొత్తవాటిని పొడుగు బోల్టు, వాషర్లు పెట్టి నట్ బిగిస్తూ లోపలికి లాగాం. కొత్త బోల్టుకి గ్రీజు రాశాం, రబ్బరుకి అంటనివ్వలేదు. చక్రం గాల్లో ఉండగానే నట్ గట్టిగా బిగించేస్తే తమ్ముడు మళ్ళీ వదులు చేయించాడు. అలా బిగిస్తే బండి మీద బరువు పడగానే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుందట. బండిని నేలమీద నిలబెట్టి, ఒకళ్ళం కూర్చున్నాక బిగించాం. చైను గుర్తులు రెండు వైపులా సమానంగా చూశాం, టార్క్ రాడ్‌కి కొత్త స్ప్లిట్ పిన్ వేశాం. ఆ పిన్ మర్చిపోతే బ్రేకు మీద నమ్మకం పెట్టుకోవద్దు.

బుష్‌లకీ బోల్టుకీ కలిపి అయింది షాక్‌లకి పెట్టినదాంట్లో చిన్న ముక్క. అదే మలుపులో ఇప్పుడు బండి గీత గీసినట్టు వెళ్తోంది.

ఆ మెకానిక్ మీద కోపం కంటే మామీద మాకే కోపం. రోడ్డు బాగోలేదన్నది నిజమే, దానికోసం అర్జీలు పెడుతూనే ఉంటాం. కానీ "మీరే అంత, మీ కొండే అంత" అని ఎవరైనా అంటే తల ఊపేసి వచ్చే అలవాటు మాకుంది. ఆ అలవాటు పెద్దమ్మ చేతి మీద పడింది.

పాత బోల్టు మా వసారాలో ఉంది. మొన్న పెద్దమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఈ ముక్కేనా నన్ను పడేసింది?" అంది. ఔనన్నాం. "మీరు ముందే చూడాల్సింది కదా నాయనా" అంది. దానికీ ఔననే అన్నాం. సంతకి ఇంకా నడిచే వస్తోంది. ఎక్కమని మేమూ బలవంతం చెయ్యడం లేదు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు సెంటర్ స్టాండ్ వేసి, చిమ్టా కొస పట్టుకుని లాగి చూడండి. టక్ మంటే ఇక్కడ రాయండి. మా తమ్ముడి దగ్గర స్పానర్లు ఉన్నాయి, మేమూ వస్తాం.