ఉరుకుందలో ఒక రాత్రి, శంషాబాదులో ఒక రాత్రి

ఆదోని నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళబ్బాయి ఉద్యోగానికి దుబాయి వెళుతున్నాడు. మంగళవారం తెల్లవారుజామున శంషాబాదులో విమానం ఎక్కాలి. వెళ్ళే ముందు అబ్బాయిచేత ఉరుకుందలో నిద్ర చేయిస్తామని మొక్కుకున్నారట. "ఆదివారం రాత్రి ఉరుకుందలో, సోమవారం రాత్రి హైదరాబాదులో గడపాలి. పన్నెండు మందిమి, ఒకే జీపు. నాకు చక్కెర జబ్బు, మా వారికి రక్తపోటు. వరుసగా రెండు రాత్రులు నిద్ర లేకపోతే ఏమైనా అవుతుందా డాక్టరుగారూ?" అని ఆమె ప్రశ్న.

అవుతుందమ్మా. అయితే మీ దంపతులిద్దరికంటె ముందు మీ జీపు నడిపే అబ్బాయికి అవుతుంది. అతని ఊసు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు ఉరుకుంద ఎరుగని పాఠకులకు నాలుగు మాటలు చెప్పనివ్వండి.

కర్నూలు జిల్లా పడమటి కొసన, కౌతాళం మండలంలో ఉన్న ఊరు ఉరుకుంద. ఆదోని నుంచీ ఎమ్మిగనూరు నుంచీ బస్సులున్నాయి. చుట్టూ నల్లరేగడి, పత్తి చేలు, దగ్గరలోనే తుంగభద్ర దిగువ కాలువ. అక్కడ వెలసిన స్వామి లక్ష్మీనరసింహుడు. కాని మా వైపు అందరి నోటా ఆయన ఈరన్నస్వామే. మా ఆసుపత్రి చీటీలలో రోజుకు ఇద్దరు ఈరన్నలు, ఒక ఉరుకుందప్ప, ఒక ఉరుకుందమ్మ తగలకుండా ఉండరు. శ్రావణమాసం వచ్చిందంటే, అందులోనూ సోమ, గురువారాలకు, మన జిల్లాలే కాక కర్ణాటక నుంచీ, తెలంగాణ నుంచీ జనం దిగుతారు. ట్రాక్టర్లు, ఆటోలు, జీపులు, కాలినడకన వచ్చేవాళ్ళు. సగం తెలుగు, సగం కన్నడం కలిసిన మాటలు వినపడుతుంటాయి. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించి నైవేద్యం వండుకుంటారు. ఆ రాత్రి అక్కడే పడుకుని, తెల్లవారుజామున స్నానం చేసి దర్శనం చేసుకుంటారు. దీన్నే "నిద్ర చేయడం" అంటారు.

ఈ మాట నాకు బాగా నచ్చింది. పెద్దవాళ్ళు జాగారం చేయమనలేదు, నిద్ర చేయమన్నారు! చాప పరిచి, దుప్పటి కప్పుకుని, నడుం వాల్చడమే మొక్కు. వైద్యుడిగా ఇంతకంటె మంచి మొక్కు నేను రాసివ్వలేను. కాని ఈ మధ్య అక్కడ చూస్తే పెద్దవాళ్ళే పడుకుంటున్నారు. కుర్రవాళ్ళు తెల్లవార్లూ సెల్‌ఫోన్ల వెలుతురులో కూర్చుని ఉంటున్నారు. కంటిలో వెలుతురు పడినంతసేపు, నిద్రను పిలిచే మెలటోనిన్ అనే రసం మెదడులో సరిగా ఊరదు. అంచేత పక్క మీద ఉన్నా నిద్ర దగ్గరకు రాదు.

ఆరుబయట పడుకోవడంలో రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది పాము. శ్రావణం వానాకాలం, చుట్టూ చేలు. కట్లపాము రాత్రిపూట తిరిగేది, నేల మీద పడుకున్నవాళ్ళను కరిచేది. దాని కాటుకు నొప్పీ, వాపూ దాదాపు ఉండవు. చీమ కుట్టిందనుకుని అటు తిరిగి పడుకుంటారు. కొంతసేపటికి కడుపులో నొప్పి, తరువాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. పగలంతా ప్రయాణం చేసినవాడికి రెప్పలు వాలుతుంటే నిద్రమత్తే అనుకుంటారు కాని పాము అని ఎవరనుకుంటారు? లేపితే కళ్ళు పూర్తిగా తెరవలేకపోతున్నాడంటే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి. కోతలు, కట్లు, పసర్లు వద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేసే మందు ఒకటే, ప్రభుత్వాసుపత్రిలో ఇస్తారు. చేలగట్ల పక్కన కాక నలుగురి మధ్య, దీపం ఉన్నచోట పడుకోండి. దోమతెర తెచ్చుకుని అంచులు చాప కిందికి మడిస్తే దోమా రాదు, పామూ రాదు. లేస్తే టార్చి లేకుండా అడుగు వేయవద్దు.

రెండవది కాలువ. నిద్ర కళ్ళతో చీకట్లో దిగవద్దు. లేచిన తరువాత పావుగంట, అరగంటసేపు మనిషి తన వశంలో ఉండడు. కాలు జారితే పట్టుకోవాలన్న స్ఫురణ కూడా ఆలస్యంగానే వస్తుంది. కాలువ గట్టు ఏటవాలు, నాచు పట్టి ఉంటుంది, పైగా నీరు పారుతూ ఉంటుంది. తెల్లగా వెలుగు వచ్చాక, పిల్లల చెయ్యి పట్టుకుని గట్టునే ఉండి చెంబుతో పోసుకోండి. స్వామి కాదనడు.

ఇప్పుడు మీ చక్కెర సంగతి. ఉరుకుందలో నైవేద్యం అయ్యేదాకా తినకూడదని కొందరు పస్తుంటారు. మాత్రలు మాత్రం మానరు, ఇన్సులిన్ మానరు. తిండి లేకుండా మందు పడితే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు. ఆ జనసమ్మర్దంలో వణుకుతూ ఊగుతున్న మనిషిని చూస్తే ఈరన్న పూనాడని కొబ్బరికాయ కొడతారు. పూనకమో, చక్కెర తగ్గడమో తేల్చేటంత తీరిక అప్పుడు ఉండదు. తెలివి ఉంటే రెండు చెంచాల చక్కెర నోట్లో వేయండి, రెండింటికీ నష్టం లేదు. తెలివి తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు. ఇన్సులిన్ సీసా ఎండలో నిలిపిన జీపులో వదలకండి, పాడైపోతుంది. మీ వారి రక్తపోటు మాత్ర రోజూ వేసుకునే వేళకే వేసుకోవాలి, అంతే. ఇంట్లో మూర్ఛ జబ్బు ఉన్నవారెవరైనా ఉంటే ఈ రెండు రాత్రుల ప్రయాణానికి వారిని తీసుకుపోవద్దు. మందులు సరిగా వేసుకుంటున్నా నిద్ర చెడితే ఫిట్సు రావచ్చు.

ఇక శంషాబాదు. ఆ విమానాశ్రయం 2008లో తెరిచారు. మన ఓర్వకల్లులో 2021లో ఒకటి తెరిచినా, దుబాయికి వెళ్ళాలంటే మనవాళ్ళు శంషాబాదుకో బెంగళూరుకో పోవలసిందే. మూడు గంటల ముందే హాజరు కావాలి కనుక తెల్లవారుజామున విమానమంటే ఆ రాత్రి నిద్ర లేనట్టే. టికెట్టు లేనివాళ్ళను లోపలికి రానివ్వరు. అబ్బాయి లోపలికి వెళతాడు, సాగనంపడానికి వచ్చిన పదిమందీ బయట గచ్చు మీద మిగులుతారు. పట్టపగలులాగా దీపాలు.

రాత్రి బయట గడపడం మా వైపు వాళ్ళకు కొత్త కాదు. సుగ్గికి వెళ్ళే కుటుంబాలు ఆదోని, కోసిగి స్టేషన్లలో మూటలే తలగడగా ప్లాట్‌ఫారం మీద పడుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో! రైలు వచ్చే వేళకు ఒకరు మేలుకుని మిగతావారిని లేపుతారు. అదే మనుషులు విమానాశ్రయానికి వచ్చేసరికి పడుకోవడానికి సిగ్గుపడతారు. ఇస్త్రీ బట్టలు నలుగుతాయని బిగుసుకుని తెల్లవార్లూ కుర్చీలో కూర్చుంటారు. కాళ్ళు వాస్తాయి. పిక్కల కండరాలు కదిలితేనే కాళ్ళలోని రక్తం పైకి ఎక్కుతుంది. అవి కదలకపోతే లోపలి సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంది. నాలుగు గంటలకు మించి కదలకుండా చేసే ప్రయాణంలో ఈ ప్రమాదం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. మామూలు ఆరోగ్యవంతులకు అది అరుదే. గర్భిణులు, ఈ మధ్యనే ఆపరేషను అయినవారు, కుటుంబనియంత్రణ మాత్రలు వాడేవారు జాగ్రత్తపడాలి. గంటకోసారి లేచి నడవండి. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పి పెడితే డాక్టరుకు చూపించండి. మీ అబ్బాయికి చెప్పండి, లోపల ఏ మూలనో దుప్పటి పరిచి పడుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఎమ్మిగనూరు చేనేత దుప్పటి ఒకటి చేతిసంచిలో పెట్టి పంపండి. లోపల ఏసీ చలికి కప్పుకోవడానికీ పనికొస్తుంది. పాస్‌పోర్టు చొక్కా లోపలి జేబులో ఉండాలి, ఫోనులో అలారం పెట్టుకోవాలి.

ఇప్పుడు మీ డ్రైవరు దగ్గరకు వద్దాం.

మనిషి ఒంట్లో ఒక గడియారం ఉంది. రాత్రి రెండు నుంచి తెల్లవారి ఆరు లోపల ఒంటి వేడి బాగా తగ్గుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. ఎంత అలవాటున్నవాడికైనా ఇది తప్పదు. 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు మేలుకుని ఉన్నవారినీ సారా తాగినవారినీ ఒకే పరీక్ష పెట్టి పోల్చి చూశారు. 17 గంటలు మేలుకున్న మనిషి పనితనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల సారా ఉన్నవాడి పనితనంతో సమానంగా ఉంది. 24 గంటలు మేలుకుంటే అది 100 మిల్లీగ్రాములతో సమానం. మన దేశపు మోటారు వాహనాల చట్టం ప్రకారం 30 దాటితేనే నేరం! ఉదయం అయిదుకు లేచిన డ్రైవరు ఆ రాత్రి పది గంటలకే ఈ హద్దు దాటేశాడన్నమాట. చుక్క తాగలేదు కనుక పోలీసుల గొట్టంలో ఊదినా సున్నాయే చూపిస్తుంది.

ఒక శ్రావణంలో తెల్లవారి అయిదున్నరకు ఒకే జీపులోని పదకొండు మందిని మా ఆసుపత్రికి తెచ్చారు. నిద్ర చేసి తిరిగి వస్తున్న కుటుంబం. వాళ్ళంతా హాయిగా నిద్రపోయారు. డ్రైవరు ఇరవై మూడేళ్ళ కుర్రవాడు, జీపులో సామాను పోతుందని రాత్రంతా కాపలా కూర్చున్నాడు. "కళ్ళు తెరుచుకునే ఉన్నాను సార్, చెట్టు ఎప్పుడొచ్చిందో తెలీలేదు" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. మెదడు మూడు నాలుగు సెకన్లు నిద్రపోతే కళ్ళు తెరిచి ఉన్నా ఏమీ కనపడదు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లంటే దాదాపు అరవై ఏడు మీటర్లు. ఆ పదకొండు మందిలో ఒక అవ్వ మాకు దక్కలేదు.

టీ తాగించి నడిపిస్తామంటారు. టీ, కాఫీలు పనిచేయడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, అదీ రెండు గంటలపాటు నెట్టుకురావడానికే. ముఖం మీద నీళ్ళు, గట్టిగా పాటలు, కిళ్ళీ - ఇవి ప్రయాణికుల ధైర్యానికి తప్ప డ్రైవరు మెదడుకు పనికిరావు. ఆవలింతలు ఆగకపోయినా, దాటివచ్చిన ఊరు గుర్తు లేకపోయినా, బండి రోడ్డు అంచుకు జరుగుతున్నా ఆపించండి. పెట్రోలు బంకులోనో హోటలు ముందో నిలిపి, ఒక టీ తాగించి, ఇరవై నిమిషాలు పడుకోబెట్టండి. లేచిన పది పదిహేను నిమిషాల తరువాతనే స్టీరింగు ఇవ్వండి. అతని పక్కన కూర్చున్నవాడు నిద్రపోకూడదు సుమా, అది మగవాళ్ళలో ఎవరో ఒకరి పని.

ఇక మీ మొక్కు. శ్రావణంలో గురువారాలు కూడా ఉన్నాయి కదమ్మా! అంతకుముందు బుధవారం రాత్రే ఉరుకుందలో నిద్ర చేసి రండి. విమానానికి ముందు నాలుగు రాత్రులు అందరూ ఇంట్లో పడుకుంటారు. సోమవారం మధ్యాహ్నం భోజనం కాగానే డ్రైవరును మీ ఇంట్లోనే చీకటి గదిలో రెండు గంటలు పడుకోమనండి. శంషాబాదుకు పన్నెండు మంది ఎందుకు, నలుగురు చాలు. మిగిలిన ఖర్చుతో దగ్గరలో ఒక గది తీసుకోండి. అబ్బాయిని లోపలికి పంపి, డ్రైవరుతో సహా అందరూ పడుకుని, ఉగ్గాని తిని, ఎండెక్కాక బయలుదేరండి.