దమ్మిడీ పుచ్చుకోనివాళ్ళు

ఊరికే వచ్చేదంటే నాకు మొదట్నించీ అనుమానమే. చీర కొంటే జాకెట్టు గుడ్డ ఉచితం అన్నారంటే, ఆ గుడ్డ ఖరీదు చీరలోనే కలిపేశారన్నమాట. మా అబ్బాయిది ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. వాడు కంప్యూటర్లోకి "ఇదీ ఉచితమే అమ్మా, అదీ ఉచితమే" అంటూ ఏవేవో దింపుకుంటూంటే, "వాళ్ళకేం పనీపాటా లేదట్రా, రాసి ఊరికే పంచిపెట్టడానికి?" అనేదాన్ని.

కిందటేడు మా ఆడపడుచు కూతురి పెళ్ళి ఫోటోలున్న మెమరీ కార్డు ఉన్నట్టుండి ఖాళీ అని చూపించింది. ఆవిడ ఏడుపు చెప్పనలవి కాదు. మావాడు "అత్తా, ముందు ఆ కార్డులోకి కొత్తగా ఏమీ ఎక్కించకు" అని చెప్పి, ఫోటోరెక్ అనేదాన్ని దింపాడు. క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఫ్రాన్సు దేశస్థుడు రాసిందిట. చూడ్డానికి రంగూ హంగూ ఏమీ లేవు, నల్లటి తెర మీద నాలుగు తెల్లటి అక్షరాలు. పుస్తకంలో విషయసూచిక చిరిగిపోయినా కథలు లోపలే ఉంటాయి కదండీ, అలాగే కార్డులో పట్టిక పాడైనా ఫోటోలు మిగిలే ఉండవచ్చు. ఫోటో మొదలయ్యేచోట ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తుల్ని వెతుక్కుంటూ పోయి, ఒక్కొక్కటే ఏరి వేరేచోట కుప్ప పోస్తుంది. పేర్లు మాత్రం రావు, అంకెలే. అప్పగింతలు ముందూ, జీలకర్ర-బెల్లం వెనకా వచ్చాయి. వరసలో పేర్చడానికి నాకూ మా ఆడపడుచుకీ రెండు మధ్యాహ్నాలు పట్టింది. పోనిద్దురూ, పెళ్ళి మళ్ళీ చూసినట్టయింది.

ఎవరీ మహానుభావులు అని అప్పట్నించీ నాకు కుతూహలం పట్టుకుంది. సినిమాలు చూసుకునే వి.ఎల్.సి. ఉంది చూడండి, రోడ్డుకి అడ్డంగా పెట్టే నారింజరంగు శంకువు బొమ్మది, అది 1996లో పారిస్ దగ్గర ఒక ఇంజనీరింగు కళాశాల పిల్లలు మొదలుపెట్టినది. వాళ్ళు అలాంటి శంకువుల్ని పోగేసేవారుట, అదే గుర్తయి కూర్చుంది. తరవాత దాన్ని నడిపిన జాన్ బాప్తిస్త్ కెంఫ్, ప్రకటనలు చేర్చుకుంటే డబ్బిస్తామని వచ్చినవాళ్ళని వద్దు పొమ్మన్నాడు. భాగవతాన్ని రాజుకివ్వనన్న పోతనగారు గుర్తొచ్చారు నాకు.

ప్రోగ్రాములు రాసుకోవడానికి 'విమ్' అని ఇంకోటి. నేను అంట్లు తోముకునే పొడి అనుకున్నాను! హాలెండువాడైన బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేశాడు. అందులోకి వెళ్ళినవాళ్ళకి బయటికి రావడం తెలియదని కంప్యూటరువాళ్ళు హాస్యమాడుకుంటారుట. అభిమన్యుడి కథన్నమాట. దాన్ని తెరిస్తే, యుగాండాలో పేదపిల్లలకి సాయం చెయ్యండి అన్న మాట కనిపించేది. 2023లో పోయేదాకా ఆయన వాడుకునేవాళ్ళని ఆ సాయం అడుగుతూనే వచ్చాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఎక్స్‌జెడ్ కథ విన్నాకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెద్ద ఫైళ్ళని పరుపు చుట్టినట్టు చుట్టి చిన్నవి చేసే పనిముట్టు అది. ప్రపంచంలో లెక్కలేనన్ని కంప్యూటర్లలో ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి చూసుకున్నవాడు ఫిన్లాండులో లాసె కొల్లిన్, ఒక్కడే, జీతం లేకుండా. 2022లో "ఎందుకింత ఆలస్యం? ఇంకొకరికి అప్పగించరాదూ?" అని సతాయించడం మొదలుపెట్టారు కొందరు. చాలాకాలంగా తన మనసు బాగుండటం లేదనీ, ఇది జీతం లేని సరదా పని అనీ ఆయన నలుగురిలో చెప్పుకోవలసి వచ్చింది. వంటింట్లో ఒక్కత్తే చేసుకునే మనిషికి ఒకపూట జ్వరమొచ్చి పులుసు ఆలస్యమైతే, పంక్తిలో కూర్చున్నవాళ్ళు కంచాలు మోగించినట్టు లేదూ?

అప్పటికే జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయానికి చేరి ఉన్నారు. రెండేళ్ళకు పైగా ఓపిగ్గా, వినయంగా పనిచేసి, తాళంచెవులు చేతికొచ్చాక, 2024 ఫిబ్రవరిలో అందులో దొంగదారి పెట్టారు. పట్టుకున్నది పోలీసులనుకున్నారా? కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. కంప్యూటరు తనని లోపలికి రానివ్వడానికి రోజూకంటే అర సెకను ఎక్కువ తీసుకుంటోందేమిటా అని తవ్వుకుంటూ పోయి, మార్చి 29న బయటపెట్టాడు. పొయ్యిమీద పాలు అడుగంటుతూంటే పక్కగదిలోంచే పసిగట్టే ఇల్లాలి లాంటివాడు! జియా టాన్ ఎవరో తేలనేలేదు. కంచాలు మోగించినవాళ్ళు కూడా ఆ ముఠావాళ్ళేనేమోనని చాలామందికి అనుమానం.

నా బెంగ ఎందుకంటే, మావాడూ ఒకటి రాసి పంచిపెడుతున్నాడు. పాత డి.టి.పి. అక్షరాల్లో కంపోజు చేసిన తెలుగుని ఇప్పటి యూనికోడ్‌లోకి మార్చేది. రాత్రి పదకొండింటికి వాడి గదిలో దీపం వెలుగుతోందంటే అదే పని. రిటైరైన మాస్టారొకాయన, తన పాత వ్యాసాలన్నీ మళ్ళీ చదువుకోగలుగుతున్నానని రాశారు. మావాడు అది నాకు రెండుసార్లు చదివి వినిపించాడు. ఇంకొకాయన, ఒత్తులు గల్లంతవుతున్నాయి, ఇదేం చెత్త అని రాశాడు, దమ్మిడీ ఇవ్వకుండానే. అది చదివిన రోజు వాడు సరిగ్గా అన్నం తినలేదు. మొన్న ఎవరో కొత్తాయన, "మీరు అలిసిపోయినట్టున్నారు, నేను కొంచెం పంచుకోనా?" అని రాశాడుట. మంచివాడేనేమో. చాకిరీ పంచుకుంటానన్న మనిషిని కూడా అనుమానించాల్సి రావడం ఎంత పాపిష్టి స్థితి చెప్పండి.

"రమ్మను గానీ, వెంటనే తాళాలివ్వకు. కొన్నాళ్ళు కూరలు తరగనీ" అన్నాను.

"జియా టాన్ రెండేళ్ళు తరిగాడమ్మా" అన్నాడు వాడు, తెరమీంచి తల ఎత్తకుండా.