సూర్యుణ్ణి ఎవరు పేల్చారు?

ముందే చెప్పేస్తున్నాను. 'ఔటర్ వైల్డ్స్' అనే గేమ్ కథ ఇందులో చాలావరకు బయటపడిపోతుంది. ఎప్పటికైనా ఆడదాం అనుకునేవాళ్ళు ఇక్కడే ఆపేసి, ఆడాక రండి. మాటవరసకి అంటున్నది కాదు. ఈ గేమ్‌లో కొత్త తుపాకులు, పవర్లు, లెవెల్సు ఏవీ రావు. మొదట్లో ఇచ్చిన డొక్కు స్పేస్‌షిప్పు, సూటు, అనువాద యంత్రం చివరిదాకా అవే. పెరిగేదల్లా మనకి తెలిసిన విషయాలు మాత్రమే. దారి తెలిసినవాడు అరగంటలో ముగించేయొచ్చు. తెలియనివాడికి పాతిక గంటలు పడుతుంది. అంచేత ఎవరైనా దీన్ని నిజంగా ఆడగలిగేది ఒక్కసారే.

2019లో మోబియస్ డిజిటల్ అనే చిన్న స్టూడియో చేసిన గేమ్ ఇది. అలెక్స్ బీచమ్ అనే కుర్రాడు సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో మాస్టర్స్ థీసిస్‌గా మొదలుపెట్టాడు. కథ పైకి చాలా చిన్నది. మనం టింబర్ హార్త్ అనే బుల్లి గ్రహం మీద నాలుగు కళ్ళ జీవులం. చలిమంట పక్కన నిద్రలేస్తాం. రాకెట్ ఎక్కి ఎటు కావాలంటే అటు పోవచ్చు. ఎటు పోయినా 22 నిమిషాలకి సూర్యుడు పేలిపోతాడు. అందరూ పోతారు. మళ్ళీ అదే చలిమంట పక్కన కళ్ళు తెరుస్తాం. జరిగింది మనకొక్కరికే గుర్తుంటుంది (ఇంకొకరికి కూడా, కానీ ఆ సంగతి మీరే కనుక్కోండి). ఎప్పుడో అంతరించిపోయిన నోమాయి అనే జాతి వాళ్ళు గోడల మీద రాసుకున్న రాతలు గ్రహాలన్నింటా మిగిలున్నాయి. అవి చదువుకుంటూ ఏం జరిగిందో కూడబలుక్కోవడమే ఆట.

నేనూ, హాస్టల్లో నాలుగేళ్ళు నా రూమ్మేటూ 2021 ఫిబ్రవరిలో కలిసి మొదలుపెట్టాం. కలిసి అంటే ఎవడి కంప్యూటర్లో వాడు. వాడు డల్లాస్‌లో, నేను కొండాపూర్‌లో. ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం: గూగుల్ చెయ్యకూడదు, యూట్యూబ్ చూడకూడదు. ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి, వాడికి శనివారం రాత్రి, ఫోన్లో మాట్లాడుకోవాలి. వారమంతా ఎవడికి ఏం దొరికిందో చెప్పాలి.

ఆ ఫోన్లే అసలు గేమ్ అని ఇప్పుడు అనిపిస్తుంది. మొదటి నెలలోనే పెద్ద గొడవ పడ్డాం, చెర్ట్ గురించి. ఎంబర్ ట్విన్ అనే ఎర్రమట్టి గ్రహం మీద డోలు వాయించుకుంటూ నక్షత్రాల పటం గీసుకునే జీవి చెర్ట్. "భలే హుషారైన మనిషిరా, చుక్కల గురించి ఎంత ప్రేమగా చెప్తాడో" అన్నాడు వాడు. నేను చూసిన చెర్ట్ హుషారు మనిషి కాదు. భయంతో వణికిపోతూ, నక్షత్రాలన్నీ చచ్చిపోతున్నాయి అని అరుస్తున్నాడు. "నువ్వు వేరే ఎవరినో చూశావు" అన్నాను. "నువ్వే చదవడం రాక ఏదో చదివావు" అన్నాడు. పావుగంట కొట్టుకున్నాక వెలిగింది. వాడు వెళ్ళింది మూడో నిమిషంలో. నేను వెళ్ళింది పదిహేడో నిమిషంలో. మధ్యలో చెర్ట్ ఆకాశంలో పేలుతున్న చుక్కల్ని లెక్కపెడుతూ, మెల్లిగా సంగతి అర్థం చేసుకుంటూ వస్తాడు. ఒకే మనిషి, ఒకే పొద్దు.

గమనించాల్సిందేంటంటే, జవాబు ఆ రోజే మా చేతిలో పడింది. చుక్కలన్నీ వాటంతట అవే ఆరిపోతున్నాయని చెర్ట్ చెప్పేశాడు. మేమిద్దరం విన్నాం కూడా. విని పక్కన పెట్టేశాం. ఎందుకంటే అప్పటికే మా దగ్గర అంతకంటే మంచి కథ ఉంది.

ఆ కథ వాడిది. నోమాయిలే సూర్యుణ్ణి పేల్చారు. నిజానికి సాక్ష్యాలు గట్టివి. యాష్ ట్విన్ గ్రహం లోపల నోమాయిలు ఒక ప్రాజెక్టు కట్టారు, జ్ఞాపకాల్ని 22 నిమిషాలు వెనక్కి పంపేది. దానికి మామూలు కరెంటు సరిపోదు, ఒక సూపర్‌నోవా కావాలి. అందుకని సూర్యుడి పక్కనే ఒక స్టేషన్ కట్టి, అక్కణ్ణుంచి సూర్యుణ్ణి పేల్చాలని ప్లాన్ వేశారు. ఇదంతా గోడల మీద వాళ్ళే రాసుకున్నారు. "మోటివ్ ఉంది, ఆయుధం ఉంది, నేరం జరిగింది. ఇంకేం కావాల్రా?" అన్నాడు వాడు. నా థియరీ ఇంతకంటే హీనం. నిద్రలేవగానే ఆకాశంలో ఒక పచ్చటి గ్రహం పక్కన ఏదో పేలి, ఒక వెలుగు దూసుకుపోతుంది. అది సూర్యుడి మీదకి వదిలిన క్షిపణి అన్నాను నేను. ప్రతిసారీ అది వేరే దిక్కుకి పోతోంది కదా అన్నాడు వాడు. గురి కుదరక అన్నాను. వాడు నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది.

థియరీలు కట్టడం మనకేం కొత్త కాదు. 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో టీకొట్టు దగ్గర తేల్చని తెలుగువాడు లేడు. అసలు జవాబు తెరమీద తెలిసినప్పటికంటే ఆ రెండేళ్ళే బాగున్నాయని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. కానీ అక్కడ మనం చెయ్యగలిగింది ఎదురుచూడ్డమే. ఇక్కడ అలా కాదు, వెళ్ళి చూసి రావచ్చు.

నోమాయిలూ అంతే. ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్ళ రాతలు. సుడులు తిరిగిన అక్షరాల్లో ఒకరు ఏదో రాస్తే, పక్కనుంచి ఇంకో కొమ్మ మొలిచి మరొకరి జవాబు, దానికి ఇంకొకరి అభ్యంతరం. మనం గోడ మీద చదివేదంతా చచ్చిపోయినవాళ్ళ చర్చే. ఒకచోట వాళ్ళకి విచిత్రమైన లెక్క కనబడుతుంది. బ్లాక్ హోల్లోకి వెళ్ళిన వస్తువు వైట్ హోల్లోంచి బయటికి రావడం, లోపలికి వెళ్ళడం కంటే ఒక వెంట్రుకవాసి ముందు జరిగినట్టు నమోదైంది. అది చదువుతూ నేను కుర్చీలోంచి లేచాను. మా ఆఫీసులో ఇలాంటి లాగ్స్ నేను వందసార్లు చూశాను. రిక్వెస్ట్ కంటే ముందే రెస్పాన్స్ వచ్చినట్టు ఉంటుంది. మేం చేసేది ఒక్కటే, రెండు సర్వర్ల గడియారాలు కలవట్లేదని తీర్మానించి టికెట్ మూసేస్తాం. నోమాయిలు కూడా ముందు పరికరం తప్పేమో అనుకున్నారు. కానీ మూసెయ్యలేదు. దానికోసం ఒక ల్యాబే కట్టి, ఎక్కువ శక్తి పెడితే ఆ తేడా పెరుగుతుందని తేల్చారు. ఆ ల్యాబ్‌లో మనమూ ఆ ప్రయోగం చేసి చూడొచ్చు. వస్తువు లోపలికి వెళ్ళకముందే బయటికి వస్తుంది. నేను దాన్ని ఓ ఇరవైసార్లు చేశాను.

లోపాలు లేవని కాదు. డార్క్ బ్రాంబుల్ అనే పొగమంచు గ్రహంలో పెద్ద చేపలుంటాయి. వాటికి కళ్ళు కనబడవని తెలియాలంటే, ఇంకో గ్రహం మీద గుహలో నోమాయి పిల్లలు ఆడుకున్న కళ్ళగంతలాట నియమాలు చదవాలి. ఈ ఏర్పాటు ఎంత అందంగా ఉందో, తెలిశాక కూడా ఆ చేపల మధ్యలోంచి ఇంజన్ వెయ్యకుండా జారిపోవడం అంత విసుగు. వాడు అక్కడ కంట్రోలర్ విసిరేశాడు. విరగలేదు.

ఏప్రిల్ ఆఖర్లో ఫోన్లు ఆగిపోయాయి.

మే రెండో వారంలో రాజమండ్రిలో వాళ్ళ నాన్నగారికి జ్వరం మొదలైంది. ఆయనకి 63. వాడి వీసా స్టాంపింగ్ గడువు అయిపోయింది, కాన్సులేట్లు మూసున్నాయి. మే 4 నుంచి ఇండియా నుంచి వచ్చే వీసాదారుల్ని అమెరికా రానివ్వడం లేదు. వస్తే ఎప్పటికి వెనక్కి పోతాడో తెలీదు. అక్కడ భార్య ఏడో నెల. వాడు రాలేదు. నేను హైదరాబాద్ దాటి వెళ్ళలేను, ఫోన్లు మాత్రం చెయ్యగలను. వాట్సాప్ గ్రూపుల్లో బెడ్లూ సిలిండర్లూ వెతకడం, ఆంటీకి రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి ఆక్సిజన్ ఎంతుందో అడగడం నా పని. మంగళవారం రాత్రి 94 ఉంది. "ఏం చెయ్యమంటావు బాబూ?" అని అడిగింది ఆవిడ. "94 ఉంది కదా ఆంటీ, ఈ రాత్రికి చూద్దాం, పొద్దున్నే బెడ్ సంగతి చూస్తాను" అన్నాను. పొద్దున్నకి 84. బెడ్ దొరికేసరికి సాయంత్రం నాలుగైంది. ఆదివారం తెల్లవారుజామున అంకుల్ పోయారు.

తర్వాత వాడు ఒక గూగుల్ షీట్ చేసి నాకు షేర్ చేశాడు. తేదీ, టైము, శాచురేషన్, ఎవరితో మాట్లాడింది, ఎవరేమన్నది. ఆఫీసులో సర్వర్ పడిపోతే మేం చేసేది ఇదే. నిమిషాల వారీగా రాసుకుని, తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్తాం. అంకుల్ వెళ్ళిన పెళ్ళి ఉంది అందులో. టెస్టు రిజల్టు రెండురోజులు ఆలస్యం చేసిన ల్యాబ్ ఉంది. ఫోన్ ఎత్తని ఆసుపత్రి ఉంది. మంగళవారం రాత్రి 9:40 వరుసలో నా పేరుంది. దాని పక్కన వాడు ఏమీ రాయలేదు. "టైము కరెక్టేనా?" అని మాత్రం మెసేజ్ పెట్టాడు. కరెక్టే అన్నాను.

జూన్‌లో నేను ఒక్కణ్ణే గేమ్ తెరిచి ఐదు రాత్రుల్లో ముగించేశాను. ఒప్పందం తప్పాను. ఎందుకంటే చెప్పలేను. నిద్ర పట్టేది కాదు, అంతే.

ఆ నాలుగో రాత్రి సన్ స్టేషన్‌కి చేరాను. రెండు ముక్కలైన స్టేషన్, మధ్యలో ఖాళీ, కింద తెరంతా నిండిన సూర్యుడు. అవతలి గదిలో రాసుంది. స్టేషన్ పనిచెయ్యలేదు. సూర్యుణ్ణి పేల్చడం నోమాయిల వల్ల కాలేదు. ఆ తర్వాత వాళ్ళు వేరే కారణంతో అంతరించిపోయారు. రెండు లక్షల ఏళ్ళకి పైగా ప్రాజెక్టు అలా ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు సూర్యుడు తన ఆయుష్షు తీరి, తనంతట తను పోతున్నాడు. ఎవరూ ఏమీ చెయ్యలేదు.

ఆగస్టు ఆఖర్లో వాడు ఫోన్ చేసి, "ఎక్కడ ఆపాంరా మనం?" అన్నాడు. పాప పుట్టి రెండు వారాలైంది, రాత్రుళ్ళు ఎలాగూ మెలకువే. నేను ఏమీ తెలియనట్టే మాట్లాడాను. బయటికి ఎలాగూ ఆడతాడు కదా అనుకున్నాను. కానీ వాడు తిన్నగా సన్ స్టేషన్‌కి వెళ్ళడం లేదు. బ్లాక్ హోల్ గ్రహం మీద తిరుగుతున్నాడు, సముద్రపు గ్రహంలో తుఫాన్లతో కుస్తీ పడుతున్నాడు. ప్రతి ఆదివారం నోమాయిల్ని తిడుతున్నాడు. "ఒక్కడైనా వద్దు అనలేదేంటిరా? అంతమంది ఉండి?" అన్నాడు ఒకసారి. నాకు ఆ షీటే కళ్ళముందు తిరిగింది.

మూడో ఆదివారం ఆగలేకపోయాను. "యాష్ ట్విన్ మీద టవర్లు ఇసుకలోంచి బయటికి వస్తాయి చూడు. అందులో సూర్యుడి గుర్తున్నదాని దగ్గరికి ఇసుక సగం దిగాక వెళ్ళు" అన్నాను. ఏదో ఊహిస్తున్నట్టు అనాలని చూశాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. "నువ్వు ఆడేశావు కదూ" అన్నాడు.

"ఆ."

"ఎప్పుడు?"

"జూన్‌లో."

పెట్టేశాడు.

తర్వాతి ఆదివారం ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు. నేను చేసిన పని ఏమిటో నాకు తెలుసు. వాడికి ఒకే ఒక్కసారి దొరికేదాన్ని సగం తీసేసుకున్నాను. అదీ వాడి కోసం కాదు. ఆ గదిలో రాసినది వాడు చదవాలని, చదివాక మంగళవారం రాత్రి గురించి ఇంకోలా అనుకుంటాడేమో అని. అంకుల్‌కీ ఆ సూర్యుడికీ పోలిక లేదని నాకూ తెలుసు. 94కి, 84కి మధ్య ఒక రాత్రి ఉంది. ఆ రాత్రి ముందుగా బెడ్ వెతికుంటే ఏమయ్యేదో ఏ గోడ మీదా రాసిలేదు.

బుధవారం మధ్యాహ్నం నేను మీటింగ్‌లో ఉండగా మెసేజ్ వచ్చింది. "నోమాయిలు కాదు." అంతే. కాసేపటికి ఇంకొకటి. "చెర్ట్ ముందే చెప్పాడు కదరా. మనిద్దరికీ చెప్పాడు."

ఆదివారం ఎనిమిదిన్నరకి ఫోన్ మోగింది. వెనకాల పాప ఏడుపు, ఎవరో జోకొడుతున్న చప్పుడు. షీట్ గురించి వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది ఇప్పటికీ నా డ్రైవ్‌లో ఉంది. నా వరుస పక్కన గడి ఇంకా ఖాళీగానే ఉంది.

"పొద్దున్న లేవగానే ఆకాశంలో పేలేది, నీ క్షిపణి, దాని సంగతేంటో నాకిప్పుడు తెలిసింది" అన్నాడు. నేను "అదీ..." అనబోయాను.

"నువ్వు మాట్లాడకు. విను."

నలభై నిమిషాలు చెప్పాడు. మొదటి నిమిషంలోనే తప్పు దారి పట్టాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి, కాఫీ కలుపుకుంటూ మొత్తం విన్నాను.