రాగి కానీల తూకం

పాత నాణేలు కంటబడగానే "ఇవి ఇప్పుడు ఎంత పలుకుతాయండీ?" అని అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరికో లక్షలొచ్చాయట, పేపర్లో పడిందట, మీ దగ్గర అలాంటిది లేదా? ఇదే వరస. ఎంత తూగుతాయి అని అడిగిన మనిషి ఇంతవరకూ తగల్లేదు. రాగి నాణెం అరచేతిలో పడ్డాక మొదట పట్టించుకోవలసింది దాని బరువే. ధరదేముంది, ఈ సంతలో ఒకటి, పై సంతలో ఒకటి. బరువు అలా కాదు. ఇంత ఉండాలని చట్టంలో రాసి, అందుకు తగ్గ రేకు కోసి, అచ్చు కొట్టి వదిలిన సంగతి అది.

నా దగ్గర రాగివీ కంచువీ కలిపి బాగానే పోగయ్యాయి. అమ్మమ్మ పెట్టెలోంచి వచ్చినవి కొన్ని, ఆదివారం సంతల్లో ఏరుకున్నవి కొన్ని. బొమ్మనుబట్టి, ఏడునుబట్టి విడదీసి గాజు సీసాల్లో పోశాను. విక్టోరియావి ఒక సీసా, ఎడ్వర్డువి ఒకటి, అయిదో జార్జివి ఒకటి, యుద్ధంలో లోహం కరువై 1943 నుంచి వేసిన చిల్లు కానీలు ఇంకొకటి. మొలతాళ్ళకు కట్టింది ఈ చిల్లు కానీలనే. ఇలా విడదీస్తే పని సగమే అయినట్టు. మిగతా సగానికి కాటా కావాలి.

ఎందుకు కావాలో ఎడ్వర్డు సీసాను అడిగితే చెబుతుంది. ఈస్టిండియా కంపెనీవాళ్ళు 1835లో వేసిన కానీ, అంటే పావు అణా, సరిగ్గా 100 గ్రెయిన్లు. గ్రాముల్లో 6.48. విక్టోరియా పేరుమీదా అంతే తూగింది, ఏడో ఎడ్వర్డు వచ్చిన కొత్తలోనూ అంతే. 1906లో రాగి మానేసి కంచులోకి దిగారు. కానీ బరువు 75 గ్రెయిన్లకు, 4.86 గ్రాములకు పడిపోయింది. రాజు తల మారలేదు, వెడల్పు దాదాపు మారలేదు, మందం మాత్రం తగ్గింది. ఆ ఒక్క ఏడాది రెండు రకాలూ వచ్చాయి, రెండింటిమీదా 1906 అనే ఉంటుంది. పక్కపక్కన పెడితే తేడా కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. అరిగిపోయినది ఒక్కటే చేతికొచ్చినప్పుడు కంటిని నమ్మడానికి లేదు. కాటామీద పెడితే క్షణంలో తేలిపోతుంది.

మొదట్లో మా బజారులో ఒక బంగారు కొట్టుకు పట్టుకెళ్ళాను. గాలి తగలకుండా అద్దాల పెట్టెలో పెట్టిన కాటా, మిల్లీగ్రాముల దాకా చూపిస్తుంది. నా చేతిలో ఎడ్వర్డు కానీని చూసి కొట్టాయన పళ్ళేనికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "బంగారం తూచే చోట రాగి పెట్టకూడదండీ" అన్నాడు. ఆయన నమ్మకం ఆయనది అనుకుని వచ్చేశాను గానీ, ఆ మాట నాకు దిగలేదు. ఇరవైరెండు కేరట్ల నగలో పన్నెండో వంతు బంగారం కాదు. రాగి, వెండి లాంటివే. ఆ రాగిని అదే పళ్ళెంలో బంగారంతోబాటు తూచి మా ఇంటికి అమ్మలేదా? మా అమ్మాయి పెళ్ళికి గాజులు అక్కడే తీసుకున్నాం. ఆ గాజుల్లో ఉన్నప్పుడు పనికొచ్చిన రాగి, కానీగా వస్తే మైల ఎలా అయింది? ఆ కొట్టు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఈ ప్రశ్న నాలిక చివరిదాకా వస్తుంది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది.

మా తాతగారి కాలంలో ఈ బాధ లేదు. అప్పుడు డబ్బే తూకంరాయి. కంపెనీ రూపాయి 180 గ్రెయిన్లు, అదే తులం. 120 తులాలు వీశ. కంపెనీ కానీలు తొమ్మిది వేస్తే నిక్కచ్చిగా అయిదు తులాలు. తక్కెడ ముల్లు అటూ ఇటూ ఊగి ఊగి నడిమికొచ్చి ఆగే ఆ క్షణం మీకూ ఇష్టమే అయి ఉంటుంది. ఆ సుఖం అంకెలు చూపించే కాటాలో లేదు. లేకపోయినా దాంతోనే వేగాలి.

చవక కాటాలంటే రెండు జాతులు. ఒకటి వంటింటిది, అయిదు కిలోలో పది కిలోలో మోస్తుంది, గ్రాముకొక మెట్టు. రెండోది జేబులో పట్టేది. వంద గ్రాములో, రెండొందలో, అయిదొందలో దాని శక్తి. గ్రాములో నూరో వంతు చూపిస్తుంది, నాలుగైదొందల రూపాయలకే దొరుకుతుంది. ఇంత చవకగా ఎలా ఇస్తున్నారని అనుమానపడనక్కర్లేదు. అమ్మకానికి వాడే కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండి తీరాలి, దానికి తగ్గ నాణ్యతా ఉండాలి. మన ఇంట్లో మన సరదాకు పెట్టుకునేదానికి ఆ ముద్ర అవసరం లేదు.

వంటింటి కాటా సరిపోదా అని డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడికీ ఈ పిచ్చి అంటుకుంది. అక్కడి సెంటు 1982 దాకా నూటికి తొంభైఅయిదు పాళ్ళు రాగి, 3.11 గ్రాములు. ఆ ఏడాదే జింకు బిళ్ళకు రాగి పూత పూయడం మొదలెట్టారు, బరువు రెండున్నరకు దిగింది. మన 1906 లాగే అక్కడి 1982లోనూ రెండు రకాలున్నాయి. సెంట్లను కరిగించడం 2006 చివరినుంచి అక్కడ నిషేధం. దాచుకోవడానికి అడ్డులేదు. పైగా చలామణీకి సెంట్లు కొట్టడం 2025 నవంబరులో ఆపేశారు కాబట్టి ఏరుకునేవాళ్ళకు ఆత్రం పెరిగింది. "మామయ్యా, అత్తయ్య పిండి తూచుకునే కాటా లాంటిది మా ఇంట్లో ఉంది, చాలదా?" అన్నాడు. చాలదురా అన్నాను. గ్రాముకొక మెట్టున్న కాటా 3.11ని మూడు అంటుంది, 2.5ని ఒకసారి రెండంటుంది, ఒకసారి మూడంటుంది. గ్రాములో పదో వంతు చూపించేది ఉంటే ఏరడానికి చాలు. నూరో వంతుదైతే అరుగుదల కూడా తెలుస్తుంది.

ఇక్కడ నాకు బాగా పట్టింపు ఉన్న మాట ఒకటి చెప్పాలి. తెరమీద రెండు దశాంశాలు కనబడినంత మాత్రాన ఆ కాటా నిజం చెబుతున్నట్టు కాదు. ఎన్ని అంకెలు చూపిస్తుందన్నది వేరు, ఎంత సరిగ్గా చూపిస్తుందన్నది వేరు. అమ్మేవాడు మొదటిది చెప్పి రెండోది దాటేస్తాడు. ఆ పళ్ళెం కింద ఉన్నది ఒక చిన్న అల్యూమినియం కడ్డీ. దానికి సన్నటి రేకు తీగ అంటించి ఉంటుంది. బరువు పడగానే కడ్డీ వెంట్రుకవాసి వంగుతుంది, తీగ సాగుతుంది, అందులో కరెంటు నడక మారుతుంది. ఆ మార్పునే గ్రాములుగా చూపిస్తారు. ఎండ వేడికి కడ్డీ మారుతుంది. శక్తికి మించి మోపితే వంగినది వంగినట్టే ఉండిపోతుంది, మళ్ళీ దాని మాట నమ్మలేం. అందుకే ఇంట్లో పిల్లలుంటే దాన్ని పైఅరలో పెట్టాలి. నా మటుకు నేను రెండొందల గ్రాములదే కొనమంటాను. ఇంత చిన్న బిళ్ళలకు అయిదొందల గ్రాముల కాటా దేనికి?

నిజం చెబుతోందో లేదో తేల్చుకోవడానికి తూకంరాయి కొనుక్కోవచ్చు, వంద గ్రాముల రాయి దొరుకుతుంది. కొనకపోయినా ప్రభుత్వం మన జేబులోనే రాళ్ళు పెట్టింది. రూపాయి గుర్తుతో 2011లో వచ్చిన వరసలో అయిదు రూపాయల బిళ్ళ 6 గ్రాములు, రెండు రూపాయలది 4.85, రూపాయిది 3.79. 2019 వరస బరువులు వేరు, కలపకూడదు. మెరుపు పోని అయిదు రూపాయల బిళ్ళలు పది తెచ్చి ఒక్కొక్కటే పేర్చుతూ పోతే ఆరు, పన్నెండు, పద్దెనిమిది అంటూ అరవై దాకా నడవాలి. నడుమ ఎక్కడైనా తడబడితే ఆ కాటా కట్టి వెనక్కి పంపెయ్యండి. ఒకే బిళ్ళను పళ్ళెం నాలుగు మూలలా పెట్టి చూడండి, నాలుగు చోట్లా ఒకే మాట రావాలి. తీసేశాక సున్నాకు రావాలి. ఇదంతా ఫ్యాను ఆపి చెయ్యాలి. విజయవాడ మే నెలలో ఫ్యాను ఆపడమంటే ఏమిటో నాకు తెలుసు, అయినా ఆపాలి.

ఇలా సరిచూస్తున్నప్పుడే ఒక సంగతి దొరికింది. ఆ రెండు రూపాయల బిళ్ళ 4.85, ఎడ్వర్డు కంచు కానీ 4.86. రెండింటి వెడల్పూ దాదాపు పాతిక మిల్లీమీటర్లే. నూరేళ్ళకు పైగా ఎడం ఉన్న రెండు నాణేలు, ఒకటి కంచు, ఒకటి ఉక్కు, తక్కెడలో చెరో పక్కనా వేస్తే ముల్లు కదలదు. విలువలో నూట ఇరవైఎనిమిది కానీలు పెడితేగానీ రెండు రూపాయలు కాదు. ఈ సంగతి కనబడ్డ రోజు మా వీధిలో ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పాను.

మీటల సంగతి కూడా ఒకటి. ఈ కాటాల్లో కొలమానం మార్చే మీట ఉంటుంది. అందులో టీ ఎల్ అని ఒకటి వస్తుంది. అది తులం అనుకుని మోసపోయేవాళ్ళున్నారు. అది చైనావాళ్ళ టేల్, మన తులానికి మూడింతలకు పైనే. మనక్కావలసింది జీ ఎన్, అంటే గ్రెయిన్లు. కంపెనీ కానీ ఒకటి, పెద్దగా చేతులు మారనిది, సింహాల బొమ్మ కోరలతో సహా కనిపించేది నా దగ్గరుంది. గ్రాముల్లో పెడితే 6.44 అని ఏదో అతుకుల బొంతలా కనిపించింది. మీట నొక్కి జీ ఎన్‌కు తెచ్చేసరికి 99.4 అని వచ్చింది. వంద గ్రెయిన్లని ఆ రోజుల్లో రాసుకున్న మాట, ఇన్నేళ్ళూ దాటి వచ్చి, నా బల్లమీద అర గ్రెయిన్‌కు కాస్త ఎక్కువ తరుగుతో నిలబడింది. ఆ అంకె ఆరిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. ఈ కాటాలు అర నిమిషానికే ఆరిపోతాయి, అదొక పెద్ద లోటు. మళ్ళీ వెలిగించి మళ్ళీ చూశాను.

ఏరిన సీసాను మొత్తంగా తూచి లెక్కపెట్టవచ్చా అంటే, కొత్తవైతే పెట్టవచ్చు. కిలోకు రాగి కానీలు నూట యాభైనాలుగు పైచిలుకు, కంచువి రెండొందల అయిదు పైచిలుకు. అరిగినవాటితో ఆ లెక్క నడవదు. వందేళ్ళు చేతులు మారిన సరుకులో కిలోకు పదో పదిహేనో ఎక్కువే పడతాయి. అరుగుదల ఎంతో తెలియాలంటే లెక్కపెట్టి తూచాలి, తూచి లెక్కపెట్టకూడదు.

రైస్ పుల్లింగ్ అని బియ్యాన్ని లాగే రాగిబిళ్ళల పేరుతో మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్ని కొంపలు మునిగాయో మీకు తెలుసు. అణా అని, 1818 అని రాసి హనుమంతుడి బొమ్మ వేసిన బిళ్ళలు చూపించి లక్షలు గుంజుతారు. అలాంటి అణాను కంపెనీ ఎన్నడూ వెయ్యలేదు. మద్రాసులో వేంకటేశ్వరస్వామి బొమ్మతో వరహాలు వేసిన మాట నిజం, అవి బంగారంవి. ఈ హనుమంతుడి బిళ్ళలు నాలుగు తెచ్చి తూస్తే నాలుగూ నాలుగు బరువులు. టంకశాల ముఖం చూసినవి అలా ఉండవు. అయిదొందల రూపాయల కాటా ఒకటి ఇంట్లో ఉంటే పొలం అమ్ముకునే గతి పట్టదని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు శత్రువు మోసగాడు కూడా కాదు. చింతపండు. పండగొస్తే రాగి చెంబులతో పాటు నాణేలనూ చింతపండూ ఉప్పూ వేసి తోమేస్తారు. రాగిమీద నూరేళ్ళకు పట్టిన గోధుమరంగు పొర మురికి కాదు, నాణేనికి అదే రక్ష. చింతపండు పులుపు ఆ పొరను తినేసి కింది లోహాన్ని బయటపెడుతుంది. తోమినప్పుడల్లా బరువులో ఇంత పోతుంది, అచ్చు గీతల అంచులు మొద్దుబారతాయి, రంగు పచ్చి గులాబీకి తిరుగుతుంది.

మా పెద్ద వదిన ఒక సంక్రాంతికి వచ్చి, కలశంలో వెయ్యడానికి రాగి నాణెం కావాలని నా సీసాల్లో చెయ్యి పెట్టింది. దొరికింది దొరికినట్టు తీస్తే ఏ జార్జి కానీయో వచ్చేది. ఆవిడ పెద్దది కావాలని వెతికి 1797 నాటి బిళ్ళ తీసింది. రూపాయికి నలభైఎనిమిది అని ఇంగ్లీషులో అచ్చుకొట్టి ఉంటుంది దానిమీద. బర్మింగ్‌హామ్ పక్కన సోహో టంకశాలలో ఆవిరి యంత్రాలతో కొట్టి, మన ఉత్తర సర్కారుల కోసమే ఓడల్లో పంపిన నాణెం. గంజాం నుంచి గుంటూరు దాకా మన ముత్తాతల ముత్తాతలు ఉప్పూ పప్పూ కొన్న డబ్బు. నేను బజారునుంచి వచ్చేసరికి తోమి, కడిగి, పసుపూ కుంకుమా పెట్టి ఉంచింది. తళతళా మెరుస్తోంది. "చూడు మరిదీ, ఎంత బాగా వచ్చిందో" అంది. పూజ దగ్గర ఏమంటాం. తరవాత తూచాను. తోమకముందు తూచి రాసిపెట్టుకున్న అంకెకూ దీనికీ తేడా వచ్చింది, చిన్నదే, అయినా వచ్చింది. కంపెనీ కూడా అంత తరుగు ఒక్క పూటలో పుట్టించలేదు.

వదినకు ఇప్పటికి చాలాసార్లు చెప్పాను. 1957 నుంచి వేసిన కంచు నయాపైసలు ఒక సీసాడు ఉన్నాయి, ఒక్కొక్కటి గ్రామున్నర, ఎన్ని కావాలంటే అన్ని తీసుకో, ఎంతసేపు తోముకుంటావో తోముకో అని. మరీ చిన్నవి, కలశంలో కనబడవు అంటుంది.