కోహిమా కొండమీద టెన్నిస్ కోర్టు

కోహిమా ప్రయాణం తలపెట్టినప్పుడు మా ఇంట్లో బట్టల సంచీ ఒకటీ, పుస్తకాల సంచీలు రెండూ తయారయ్యాయి. “కొండ చూడ్డానికా, అక్కడ లైబ్రరీ పెట్టడానికా?” అని అడిగింది మా ఆవిడ. తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషికి యుద్ధం పుస్తకాలతో ఏం పని అని కాలేజీలో తోటివారూ అడుగుతూంటారు. ఏటా పిల్లలకు భారతంలోని యుద్ధషట్కం గురించి చెప్పేవాణ్ణి అడగవలసిన ప్రశ్న కాదది.

ఈసారి నాకు తోడు మా మేనల్లుడు. డిగ్రీ పూర్తయింది. సైన్యంలో ఆఫీసరు ఉద్యోగానికి పరీక్ష రాస్తానంటున్నాడు. మా అక్కయ్యకు బొత్తిగా ఇష్టంలేదు. “నీ బీరువాలో పుస్తకాలే వాడి బుర్ర తినేశాయిరా!” అని నింద నామీద వేసింది. చివరకు, “నువ్వే తీసుకుపోయి అదేదో చూపించు. చూశాక కూడా వాడు వెళ్తానంటే అప్పుడు నేను మాట్లాడను” అన్నది. కనుక ఇది విహారయాత్ర అని చెప్పడానికి వీలులేదు.

గౌహతిలో రైలెక్కి డిమాపూర్‌లో దిగాము. నాగాలాండులో అడుగుపెట్టాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ వుండాలి; ముందుగానే తీసుకోవడం మంచిది. డిమాపూర్ నుంచి కోహిమా 70 కిలోమీటర్ల పైచిలుకు. బల్లపరుపు నేల చూస్తూండగానే కొండగా మారుతుంది. వర్షాకాలంలో చరియలు విరిగిపడి బండ్లు గంటలకొద్దీ నిలిచిపోతాయి. మాకు రెండుచోట్ల ఆ అనుభవం కలిగింది. మావాడు సెల్‌ఫోను చూస్తూ కూర్చున్నాడు. నేను స్లిమ్ పుస్తకం తీశాను.

ఫీల్డ్ మార్షల్ స్లిమ్ రాసిన ‘డిఫీట్ ఇన్‌టు విక్టరీ’ 1956లో వెలువడింది. 1942లో బర్మాలో ఓడి, సుమారు 900 మైళ్ళు వెనక్కు నడిచివచ్చిన సేన, 1945లో మళ్ళీ రంగూను చేరిన కథ. ఈయన యుద్ధానికి ముందు జీతం చాలక, ఆంథొనీ మిల్స్ అనే మారుపేరుతో పత్రికలకు కథలు రాసి డబ్బు సంపాదించుకున్నవాడు. ఆ చెయ్యి తిరిగినతనం ప్రతి పేజీలోనూ తెలుస్తుంది. సేనాపతులు రాసుకున్న పుస్తకాలలో తరచు పొరపాట్లన్నీ పక్కవాళ్ళవి, గెలుపులన్నీ తమవి. స్లిమ్ అలా కాదు. కోహిమా మీదికి శత్రువు ఒక రెజిమెంటుకు మించి పంపలేడనుకున్నాననీ, తీరా చూస్తే ఒక డివిజను మొత్తం దిగిందనీ, తన అంచనా తప్పనీ నిస్సంకోచంగా రాశాడు. యుద్ధం పుస్తకాలు చదవబోయేవారెవరైనా నన్ను అడిగితే ముందు చేతిలో పెట్టేది ఇదే.

డిమాపూర్‌లో అప్పట్లో 11 మైళ్ళ పొడవున, ఒక మైలు వెడల్పున సరుకుల నిలవలు పేరుకుని వుండేవి. ఇంఫాల్‌లో పోరాడుతున్న సేనకు తిండి, మందుగుండు వెళ్ళే దారి కోహిమా మీదుగానే. అందుకే 1944 ఏప్రిల్ మొదటి వారంలో జపానువారు కోహిమాను చుట్టుముట్టారు. లోపల రమారమి 2,500 మంది. వారిలో వెయ్యిమంది దాకా ఆయుధం పట్టనివారు. బయట 12,000కు పైగా. నీళ్ళకు కటకట. విమానాలనుంచి జారవిడిచిన నీటి డబ్బాలు కొన్ని శత్రువుల చేతిలోనే పడ్డాయి. 18వ తేదీన పంజాబు పటాలం ఒకటి లోపలికి చొచ్చుకువచ్చేదాకా ఆ గుప్పెడు మంది కొండను వదలలేదు.

ఆ కొండ ఈనాడు ఊరి నడిబొడ్డున వుంది. కింద టాక్సీల హారన్లు, కూరగాయల బేరాలు. గేటు దాటి నాలుగు మెట్లు ఎక్కితే ఆ చప్పుడంతా ఎక్కడికో పోతుంది. మెట్లు మెట్లుగా కోసిన కొండ, కత్తిరించిన పచ్చిక, వరసలుగా పొట్టి రాతిదిమ్మలు, వాటిమీద కంచు పలకలు. ఆనాటి డిప్యూటీ కమిషనరు చార్లెస్ పాసీ బంగళా ఇక్కడే వుండేది. బంగళా పోయింది. ఆయన టెన్నిస్ కోర్టు జాడ మాత్రం తెల్లని గీతలతో నిలిపి వుంచారు.

మావాడు ఆ గీతల దగ్గర నిలబడి, “ఇంతేనా మావయ్యా?” అన్నాడు.

ఇంతే. టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. మా కాలేజీ వరండా దానికంటె పొడుగు. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు గోతులు తవ్వుకుని, అటూ ఇటూ చేతిబాంబులు విసురుకుంటూ రోజుల తరబడి వున్నారు. ఎదటివాడి దగ్గు వినపడే దూరం. మే 13న ఒక టాంకును ఎలాగో కొండ ఎక్కించి తెచ్చి, అంత దగ్గరనుంచి కాలిస్తేగాని అది విడిపడలేదు. స్లిమ్ పుస్తకంలోని పటాల మీద కోహిమా ఒక చుక్క. ఆ 78 అడుగులు పటానికి అందవు. మావాణ్ణి ఆ చివర నిలబెట్టి, నేను ఈ చివర నిలబడి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచాను. పలికాడు. ఆ తరువాత కాసేపు వాడేమీ మాట్లాడలేదు.

జపానువారి బాధ వేరొక రకం. మూడు వారాల తిండితో బయలుదేరారు. ఇంఫాల్ గోదాములు చేజిక్కుతాయన్న ధీమా. చేజిక్కలేదు. బియ్యం రాక, తూటాలు రాక, వారి సేనాని సాటో మే నెలాఖరున పైవారి ఆజ్ఞను ధిక్కరించి మిగిలినవారిని వెనక్కు నడిపించాడు. తరువాత అతన్ని పదవినుంచి తొలగించారు. జపాను సిపాయిల జ్ఞాపకాలను తమయామా, నన్నెలీ అనే ఇద్దరు పోగుచేసి ‘టేల్స్ బై జపనీస్ సోల్జర్స్’ అన్న పేరుతో ఇంగ్లీషులో తెచ్చారు. స్లిమ్ తరువాత వెంటనే చదవవలసిన పుస్తకం నా దృష్టిలో ఇది. గెలిచినవాడి కథలో ‘శత్రువు’ అనే ఒక్క మాటగా కనిపించినవాళ్ళు ఇందులో ఆకలితో గడ్డి ఉడికించుకునే కుర్రవాళ్ళయిపోతారు.

మనవాళ్ళు మాత్రం రెండు వైపులా వున్నారు. కొండమీద రాజపుత్ర, పంజాబు, అస్సాము దళాలు; అవతల జపానువారితో కలిసి వచ్చిన ఆజాద్ హింద్ ఫౌజు. ఆ ఫౌజులో దళనాయకుడైన షానవాజ్ ఖాన్ జ్ఞాపకాలు 1946లోనే అచ్చయ్యాయి. ఆవేశం పాలు ఎక్కువే. అయినా చదవాలి. ఒకే దేశంవాళ్ళు ఇద్దరు, ఇద్దరూ దేశం కోసమే అనుకుంటూ, ఒకే అడవిలో ఎదురుబొదురుగా ఎలా నిలబడ్డారో తెలియాలంటే వేరే దారిలేదు.

ఆ రాత్రి బసలో మావాడికి జాన్ మాస్టర్స్ పుస్తకం ఇచ్చాను – ‘ది రోడ్ పాస్ట్ మాండలే’, 1961 నాటిది. సాహసకృత్యాలు దండిగా వున్న పుస్తకమని సంబరంగా పుచ్చుకున్నాడు. వున్నాయి. కాని ఇక్కడ టెన్నిస్ కోర్టు విడిపించిన ఆ మే నెలలోనే, బర్మా అడవిలో మాస్టర్స్ తన దళంతో స్థావరం వదిలి పోవలసివచ్చింది. మోసుకుపోవడానికి మనుషులు లేరు. ఇక బతకరని తేలిన 19 మంది క్షతగాత్రులను, శత్రువు చేతిలో పడనివ్వకుండా, తన ఆజ్ఞ మీద తమవాళ్ళే కాల్చవలసివచ్చిన ఘట్టం ఆయన దాచకుండా రాశాడు. నాకు మెలకువ వచ్చినప్పుడు రెండు గంటలయింది. ఇంకా దీపం వెలుగుతూనే వుంది. “మావయ్యా, ఆ ఆజ్ఞ ఇచ్చింది ఆఫీసరే కదూ?” అన్నాడు. అవునన్నాను.

మర్నాడు తేలికపడాలని ఫ్రేజర్ పుస్తకం ఇచ్చాను. ‘క్వార్టర్డ్ సేఫ్ అవుట్ హియర్’, 1992లో వచ్చింది. పందొమ్మిదేళ్ళ సిపాయి తన జట్టులోని తొమ్మిది పదిమంది గురించి, వాళ్ళ ఊరి యాసలోనే, టీ నీళ్ళ తగవులతో సహా రాసుకున్నది. మాండలికం విలువ తెలిసినవాడికి విందు. సేనాపతి పుస్తకం కొన్నవారు సిపాయి పుస్తకం కూడా కొనాలంటాను. ఒకటి చదివి రెండోది మానేస్తే యుద్ధం సగమే తెలుస్తుంది.

శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి వైపు పాత తరంవారికి ‘రంగం’ అంటే యుద్ధరంగం కాదు, నాటకరంగం కాదు, రంగూను. రంగం పోయి నాలుగు రాళ్ళు వెనకేసుకురావడం ఆనాటి మాట. 1942లో బాంబులు పడుతూంటే, ఓడలో చోటు దొరకని లక్షల మంది భారతీయులు కాలినడకన అడవులు దాటారు. అందులో రేవుకూలీలు, మిల్లుకూలీలు అయిన తెలుగువాళ్ళు వేలకు వేలు. తమూ, పాలెల్, ఇంఫాల్ మీదుగా వచ్చినవారు మేము ఎక్కివచ్చిన ఈ దారినే దిగి, డిమాపూర్ రైలు అందుకున్నారు. కలరాతో, ఆకలితో దారిలో పోయినవారికి లెక్కలేదు. సేనానుల పుస్తకాలలో వీరికి దక్కినవి కొద్ది పేరాలే. అమితవ్ ఘోష్ తన ‘ది గ్లాస్ పాలెస్’ నవలలో (2000) ఆ నడకను కొంత పట్టుకున్నారు.

తిరుగు ప్రయాణానికి ముందు మళ్ళీ శ్మశానవాటికకు వెళ్ళాము. సమాధులు 1,420. చాలా పలకల అడుగున తల్లో, భార్యో పంపిన ఒక చిన్న వాక్యం వుంటుంది. తిక్కనగారు యుద్ధమంతా చెప్పి చివర స్త్రీపర్వం ఎందుకు చెప్పారో ఆ పలకల మధ్య నడిస్తే తెలుస్తుంది. కొండ పైభాగాన, దహనసంస్కారం జరిగిన హిందూ, సిక్కు సైనికుల స్మారకం వుంది. అక్కడ 917 పేర్లు. పేర్లే, అడుగున వాక్యాలు లేవు. మనవారి పక్షాన రాసిన పుస్తకాలూ తక్కువే. రఘు కర్నాడ్ ‘ఫార్దెస్ట్ ఫీల్డ్’ (2015), తన కుటుంబంలో ఆ యుద్ధకాలంలో పోయిన ముగ్గురు యువకుల జాడ వెదుక్కుంటూ రాసినది, ఆ లోటును కొంత తీరుస్తుంది.

మావాడు ఆ పేర్లు మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు. పరీక్ష సంగతి నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. “అమ్మకు కూడా ఆ మాస్టర్స్ పుస్తకం చదివి వినిపించాలి మావయ్యా” అన్నాడంతే. అక్కయ్య వింటుందో లేదో తెలియదు.

ఈ వాటికలను చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వారి జాబితా ఇప్పుడు ఎవరైనా ఇంట్లో కూర్చుని వెదకవచ్చును. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా వుంటాయి. మద్రాసు శాపర్స్ దళాలలో మన తెలుగువాళ్ళూ చేరారు. పటాలంలో చేరి తిరిగిరాని తాతగారెవరైనా మీ ఇంట్లో వుంటే, ఆ పేరు ఇంగ్లీషులో రెండు మూడు విధాలుగా రాసి చూడండి. ఆనాటి గుమాస్తాలు మన పేర్లను ఇష్టం వచ్చినట్టు రాశారు.