ఇఫ్, దెన్, ఫి: ల్యాబ్‌కి భయపడే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి

చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు ఉండే మనవాళ్లు ఎక్కువమంది గ్రూప్స్ కోసం సెంట్రల్ లైబ్రరీలో కూర్చుంటారు. నారాయణగూడ హాస్టళ్లలో ఉండి కంప్యూటర్స్ డిగ్రీ చదివేవాళ్లం కొద్దిమందిమే. షెల్ స్క్రిప్ట్ ల్యాబ్ మొదలవగానే జూనియర్ల నుంచి ఒకటే మాట: "అన్నా, నాకు ఇంగ్లీష్ రాదు, ఇది మనవల్ల కాదు." కోర్సు మానేద్దామా అనేదాకా పోతున్నారు. అందుకే ఈ పోస్ట్.

ఇంట్లో లంబాడీయో కోయనో మాట్లాడి, బళ్లో తెలుగు నేర్చుకుని వచ్చినవాళ్లం. కానీ 'ఫి' అనేది ఇంగ్లీష్ మీడియంవాళ్లకీ కొత్తే. అది 'ఇఫ్'ని తిరగేసిన మాట. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చింది. ఈ పద్ధతిని ఆయన ఆల్గాల్ 68 నుంచి తీసుకున్నాడు.

35 మార్కులు వస్తే పాస్, లేకపోతే ఫెయిల్ అని చెప్పే స్క్రిప్ట్ అనుకోండి. ఎర్రర్‌లో వచ్చే లైన్ నంబర్ షెల్ ఆగిపోయిన చోటు. తప్పు అంతకంటే పైన ఉండొచ్చు.

'ఫి' మర్చిపోతే షెల్ ఫైల్ చివరిదాకా వెతుక్కుంటూ పోయి, "ఫైల్ అనుకోకుండా అయిపోయింది" అంటుంది. మీరు చివరి లైన్ చూస్తూ కూర్చోకండి, 'ఇఫ్'లు ఎన్ని, 'ఫి'లు ఎన్ని లెక్కపెట్టండి.

'దెన్' అదే లైన్‌లో రాస్తే ముందు సెమికోలన్ ఉండాలి. లేకపోతే గొడవ కింద 'ఎల్స్' దగ్గరో 'ఫి' దగ్గరో బయటపడుతుంది.

చదరపు బ్రాకెట్ [ కూడా ఒక కమాండే, 'టెస్ట్'కి ఇంకో పేరు. తెలుగులో "వస్తే" అని కలిపి రాస్తాం, ఇక్కడ కలపకూడదు. 'ఇఫ్' తర్వాత, [ తర్వాత, ] ముందు ఖాళీ ఉండాలి.

ఇంటర్నెట్ సెంటర్‌లో విండోస్ నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. లైన్ చివర కంటికి కనపడని గుర్తు ఒకటి చేరి, షెల్ 'దెన్'ని గుర్తుపట్టదు. 'డాస్ టు యూనిక్స్' కమాండ్ దాన్ని తీసేస్తుంది.

నడిపే ముందు 'బాష్ మైనస్ ఎన్' అని ఇస్తే స్క్రిప్ట్ నడవకుండానే సింటాక్స్ ఒక్కటే చూస్తుంది. [ తర్వాత ఖాళీ లేకపోవడం లాంటివి దానికి దొరకవు, షెల్‌చెక్ అనే ఉచిత టూల్ పట్టుకుంటుంది.

కోర్సు మార్చుకోవాలనుకునేవాళ్లు ముందు ఈ ఐదూ చూడండి. అప్పటికీ తెగకపోతే ఎర్రర్ ఫొటో గ్రూప్‌లో పెట్టండి, కూర్చుని చూద్దాం.